సంతకం వార్డెన్‌ది, చెయ్యి పిల్లది

గత నెల ఈ శీర్షికలో, ఆసుపత్రిలో ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకండి అని నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది టీకాల గురించి, మిగతావాళ్లలో ఎక్కువమంది మందుల ప్రయోగాల గురించి అడిగారు. ఇద్దరు మాత్రం "ఇవన్నీ చెప్పడానికి మీరెవరండీ" అన్నారు, న్యాయమైన ప్రశ్నే. నేను డాక్టర్‌ని కాదు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో ఆరేళ్లు కూర్చున్నాను. మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి, అందులో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు ఉండాలని రూలు. ఆ మామూలు మనిషిని నేను.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టర్ చెప్పారు. మా అత్తయ్య ససేమిరా అంటున్నారు. అప్పట్లో భద్రాచలం వైపు ఈ సూదే వేసి ఆడపిల్లల ప్రాణాలు తీశారు, ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు అంటారు. ఎవరి మాట వినాలి?
— ఒక తల్లి, కొత్తగూడెం

జవాబు: మీ అత్తయ్య కల్పించి చెప్పడం లేదమ్మా. ముందు అప్పుడేం జరిగిందో చెప్తాను, టీకా సంగతి ఆ తర్వాత.

2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో, అంటే భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెంలో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లో వడోదర దగ్గర ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. మన దగ్గర దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ హాస్టల్ వరండా ఊహించుకోండి. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉంటారు, సూది వేసేది హాస్టల్లో. మరి ఒప్పుకోలు కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి? వార్డెన్ పెట్టేశారు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద విచారణ చేసి 2013 ఆగస్టులో నివేదిక ఇచ్చింది, అందులో ఉన్న లెక్క ఇది: మన రాష్ట్రానికి సంబంధించిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. ఆ వేలిముద్రలు వేసినవాళ్లకు ఎవరైనా కూర్చోబెట్టి చదివి చెప్పారా అంటే, చెప్పారనడానికి ఆధారం ఉండాలి కదా, అది కరువు. స్కూల్లో హాజరు పట్టీ మీద సంతకం పెట్టినంత సులువుగా వేరేవాళ్ల బిడ్డ ఒంటి మీద సంతకం పెట్టేశారు. వార్డెన్లను కూడా పూర్తిగా తిట్టలేను లెండి, పైనుంచి కాగితం వస్తే ఎదురు ప్రశ్న వేసే ఉద్యోగం కాదు వాళ్లది.

ఆ రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, మన ఖమ్మంలో ఐదుగురు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపేసింది. చావులకు విచారణలో చెప్పిన కారణాలు పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుల మందు, మలేరియా, ఇలాంటివి. వీటికీ టీకాకూ సంబంధం లేదని తేల్చారు, నేనూ అదే నమ్ముతాను. కానీ ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఎట్లా నమ్ముతారు? వేసేముందు ఇంటి గడప తొక్కనివాళ్లు, పిల్ల పోయాక వచ్చి "దీనివల్ల కాదమ్మా" అంటే ఏ తల్లికి ఎక్కుతుంది? మీ అత్తయ్య మనసులో ఉన్నది టీకా మీద కోపం అనుకోవడం లేదు నేను, అడక్కుండా చేసిన పని మీద కోపం, అది పదిహేనేళ్లయినా చల్లారలేదు.

ఇంకో తమాషా, దాన్ని తమాషా అనడానికి నోరు రాదు గానీ, వాళ్లు దానికి పెట్టిన పేరు. క్లినికల్ ట్రయల్ అనలేదు, డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అన్నారు. ట్రయల్ అంటే ఇన్సూరెన్స్ చేయాలి, ఏదైనా జరిగితే ఎవరు చూస్తారో ముందే రాసిపెట్టుకోవాలి. ప్రాజెక్టు అంటే ఆ బాదరబందీ తగ్గుతుంది. స్థాయీ సంఘం దీన్నే గట్టిగా పట్టుకుని, వైద్య పరిశోధన మండలితో సహా అందరినీ కడిగేసింది.

ఇప్పుడు మీ డాక్టర్ మాటకొస్తాను. అదే 2009లో మన దేశంలోనే వేరే హెచ్‌పీవీ పరిశోధన ఒకటి నడుస్తోంది, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని. ఖమ్మం గొడవ వల్ల కేంద్రం దాన్ని కూడా 2010లో మధ్యలో ఆపించింది. దాంతో ఐదు వేల మందికి అటూ ఇటూగా ఆడపిల్లలు ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు. ఎవరూ అనుకుని చేసింది కాదది. పరిశోధకులు ఆ పిల్లలను వదలకుండా పదేళ్లు చూసుకుంటూ వచ్చారు, 2021లో ఫలితం అచ్చయింది: ఒక్క డోసు తీసుకున్నవాళ్లకు కూడా ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌లోని ప్రమాదకరమైన రకాల నుంచి దాదాపు మూడు డోసులంత రక్షణ ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలనడానికి వాడుకున్న ఆధారాల్లో ఇదొకటి. ఈరోజు ఎక్కడో ఆఫ్రికాలో ఒక పిల్ల ఒక్క సూదితో బయటపడుతోందంటే దాని వెనక మన గొడవ ఉంది. మంచికో చెడుకో తెలియదు, ఉంది.

మన దేశంలో ఈ క్యాన్సర్ 2020 అంచనాల ప్రకారం ఏడాదికి 1,23,000 మందికి పైగా వస్తోంది, 77 వేల మందికి పైగా చనిపోతున్నారు. టీకా వేయించండి. 2023 నుంచి మన దేశంలో తయారైన టీకా కూడా దొరుకుతోంది. అయితే వేయించే ముందు అత్తయ్యను కూడా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, ఆవిడ ప్రశ్నలు ఆవిడే అడగాలి, మీరు మధ్యలో సర్దిచెప్పకండి. అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి. పరిశోధన అయితే ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా నోటితో అడిగి ఒప్పించాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాల్లో ఉంది, పన్నెండు దాటితే రాయించుకోవాలి కూడా. మీది పరిశోధన కాదు, మామూలు టీకా. అయినా చెయ్యి ఆ పిల్లదే కదా.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. చూపిస్తున్న ఆసుపత్రిలో కొత్త మందు పరిశోధనలో చేరతారా అని పద్దెనిమిది పేజీల తెలుగు ఫారం ఇచ్చారు. నేను ఎం.ఏ. చదివాను, నాకే అర్థం కాలేదు. "యాదృచ్ఛికీకరణ" అంటే ఏంటండీ?
— రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: బొమ్మా బొరుసూ వేయడం బాబూ. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాత మందో ఉత్తుత్తి మాత్రో ఇస్తారు, ఎవరికి ఏది అన్నది డాక్టర్ ఇష్టం కాదు, మీ ఇష్టమూ కాదు, కంప్యూటర్ లాటరీ తీస్తుంది. ఈ రెండు వాక్యాలు రాయడానికి వాళ్లకు నోరు రాదు, "యాదృచ్ఛికీకరణ" రాస్తారు.

మా కమిటీలో నా గొడవంతా దీని మీదే. ఇంగ్లిష్ ఫారాన్ని తెలుగులోకి మారుస్తారు, ఆ తెలుగును మళ్లీ ఇంకొకరి చేత ఇంగ్లిష్‌లోకి మార్పిస్తారు, రెండు ఇంగ్లిష్‌లూ ఒకేలా ఉంటే తర్జుమా సరిగ్గా ఉన్నట్టు సర్టిఫికెట్. ఎంత బాగుందో చూడండి, ఆ మధ్యలో ఉన్న తెలుగు ఎవరికీ అర్థం కాకపోయినా పరీక్ష పాసవుతుంది! ఒకసారి ఒక ఫారంలో "అధ్యయనము నుండి ఏ సమయమందైనను ఉపసంహరించుకొనుటకు మీరు స్వేచ్ఛ కలిగియున్నారు" అని ఉంది. టీ తెచ్చిన అటెండర్‌ను ఆపి, ఇది చదివి ఏమర్థమైందో చెప్పు నాయనా అన్నాను. అతను రెండుసార్లు చదువుకుని, "ఇష్టం లేకపోతే ఇంటికి పోవచ్చనా అమ్మా?" అన్నాడు. అదే రాయండి అన్నాను. డాక్టర్లు నవ్వారు, కానీ మార్చారు. "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినా మీకు ఇక్కడ జరిగే వైద్యం ఆగదు." ఆ రెండో ముక్క నేనే చేర్పించాను. ఎందుకంటే మన జనానికి ఉండే అసలు భయం అదే, కాదంటే డాక్టర్‌గారికి కోపం వస్తుందేమో, రేపు మనల్ని సరిగ్గా చూడరేమో అని. మీ నాన్నగారు కూడా మొహమాటంతోనే సరే అంటున్నారేమో కనుక్కోండి.

ఫారం ఇంటికి తెచ్చుకోవచ్చు, అక్కడికక్కడే సంతకం పెట్టాలని ఎవరూ అనకూడదు. చదవడం రానివాళ్లయితే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. బలహీన స్థితిలో ఉన్నవాళ్లను పూర్తిగా కొత్త మందు ట్రయల్‌లో చేర్చుకుంటుంటే, ఆ మాట్లాడటమంతా వీడియో తీయాలని 2019 రూల్స్‌లో ఉంది. ఫారం చివర్లో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంటుంది, ఆరేళ్లలో ఆ నంబర్‌కు ఫోన్ చేసినవాళ్లను నా ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చేయండి, మేం ఉన్నది దానికే. ఆ ట్రయల్ నిజంగా నమోదైందా లేదా అన్నది సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయాలి, 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి.

చేరమంటారా వద్దంటారా అంటే చెప్పను. మీ నాన్నగారు ఇప్పుడు వేసుకునే మాత్ర కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు ఇలాగే మింగి చూసిందే.

ప్రశ్న: మేడం, బీఫార్మసీ అయిపోయి రెండేళ్లయింది, జాబ్ లేదు. మా ఫ్రెండ్స్ హైదరాబాద్‌లో బీఈ స్టడీలకు పోతున్నారు. మూడు రోజులు ఉంటే పది వేలు ఇచ్చారట ఒకడికి. హెల్త్‌కు ఏమీ కాదంటున్నారు. పోవచ్చా? ఇంట్లో చెప్పలేదు.
— పేరు వద్దన్న పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇంట్లో చెప్పలేదు అన్న చివరి ముక్కతోనే సగం జవాబు నువ్వే రాశావు తమ్ముడూ.

బీఈ స్టడీ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. పేటెంట్ అయిపోయిన మందును ఇంకో కంపెనీ తయారు చేస్తే, అది అసలు మందంతగానే రక్తంలో కలుస్తోందా అని చూడాలి. దానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలి. మాత్ర మింగించి, చేతి నరంలో క్యాన్యులా అనే సన్న గొట్టం పెట్టి, గంట గంటకూ కొంచెం రక్తం తీస్తారు. వారమో పదిరోజులో ఆగి రెండో మందుతో మళ్లీ అదే తంతు. మనం మెడికల్ షాపులో కొనే చవక మాత్రల్లో ఎన్నో ఇలా ఎవరి చేతిలోంచో వచ్చినవే. ఈ పని తప్పు కాదు, అవసరం. రూల్ ప్రకారం చేస్తే ప్రమాదం తక్కువే, ఎందుకంటే ఎక్కువ మందులు ఇప్పటికే వాడుకలో ఉన్నవి.

రూల్ ప్రకారం చేస్తే అన్నాను. అసలు ప్రమాదం ఆ మాత్రలో కంటే నీ అవసరంలో ఉంది. ఒక స్టడీకి పోయాక ఇంకోదానికి పోవాలంటే నెలల గ్యాప్ ఉండాలి. డబ్బులు అయిపోతాయి, ఈలోపు ఇంకో కంపెనీ పిలుస్తుంది, అక్కడికి పోయి "ఈమధ్య ఎక్కడా చేయలేదు" అని రాసిస్తారు. మోచేతి దగ్గర మచ్చ కనపడకుండా ఏం చేయాలో కూడా పాత వాలంటీర్లే నేర్పిస్తారని ఒక కుర్రాడు నాతో చెప్పాడు. ఒంట్లో పాత మందు ఉండగానే కొత్తది పడుతుంది. అప్పుడు నీకు ఏమైనా అయితే డాక్టర్‌కు కారణం దొరకదు. ఆ స్టడీ లెక్కలు కూడా తప్పే, అంటే రేపు ఆ మాత్ర కొనేవాడికీ నష్టమే.

బ్రోకర్‌తో మాత్రం పోవద్దు. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లను ఇలాగే మధ్యవర్తులు హైదరాబాద్‌కు తీసుకెళ్లారు, డబ్బొస్తుందని తప్ప ఏ మందో, ఎందుకో వాళ్లకు సరిగ్గా తెలియదు. జబ్బు పడ్డామని వాళ్లు బయటికి వచ్చాకే గొడవైంది.

నీకు పనికొచ్చే ముక్కలు: పాల్గొనడం వల్ల ఏదైనా జరిగితే వైద్యం ఖర్చు వాళ్లదే. పెద్ద ప్రమాదం జరిగితే 24 గంటల్లో పైకి రిపోర్ట్ చేయాలి. ప్రాణం పోతే ఇచ్చే పరిహారానికి 8 లక్షలు అనే మూల అంకె మీద వయసును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి హెచ్చవేసే ఒక లెక్క ఉంది. నీలాంటి ఆరోగ్యవంతుడికి 4 రెట్లు, చివరి దశలో ఉన్న రోగికి 0.5. ఆ లెక్క మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ పూట అన్నం సయించలేదు, మనిషికి ఇట్లా వెల కడతారా అని. లెక్కే లేకుండా చేతిలో ఎంతో కొంత పెట్టి పంపించేసిన రోజులతో పోలిస్తే ఇది నయమే అని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను.

పోతే పో. మీ అమ్మకు చెప్పి పో. ఎక్కడ ఉంటావో ఆ అడ్రస్ ఆమె దగ్గర ఉండాలి.

ప్రశ్న: ఆరోగ్యశ్రీలో ఏ జబ్బు ఉండాలో, ఏది ఉండకూడదో ఎవరు నిర్ణయిస్తారు? మా అమ్మకు గుండెకు స్టెంట్ వేశారు, రూపాయి తీసుకోలేదు, చాలా సంతోషం. కానీ అంతకుముందు పదేళ్లు బీపీ మాత్రలకు, టెస్టులకు మేం పెట్టుకున్న ఖర్చు ఎవరూ అడగలేదు. మా లాంటివాళ్లను ఎందుకు అడగరు?
— అనంతపురం పాఠకురాలు

జవాబు: మీ జిల్లా ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో ఒకటి, 2007 ఏప్రిల్ 1న, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు. లిస్టు డాక్టర్లు, అధికారులు కూర్చుని వేసిందే. ఆసుపత్రిలో చేరితే వర్తించేలా పథకం కట్టారు కాబట్టి మీ అమ్మగారి బీపీ మాత్ర అందులో ఇమడలేదు. ఆపరేషన్ అయిన మనిషి ఫొటో పేపర్లో వస్తుంది, బీపీ అదుపులో ఉండి ఆపరేషనే అక్కర్లేకపోయిన మనిషి ఫొటో ఎవరూ వేయరు.

జనాన్ని అడిగిన చోటు ఒకటి ఉంది, అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం. పేదల వైద్యానికి ఉన్న డబ్బుతో ఏది ముందు, ఏది వెనక అని 1990లో ఊరూరా 47 సభలు పెట్టారు. మొదట ఖర్చును ముఖ్యంగా చూసి వేసిన లిస్టులో పన్నుకు క్యాప్ వేయడం అపెండిక్స్ ఆపరేషన్ కంటే పైకి వచ్చింది, అందరూ నవ్వారు. మళ్లీ సవరించి 1994లో అమలు చేశారు. నాకు అంతకంటే పెద్ద లోపంగా కనపడింది వేరే ఉంది. ఆ సభలకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు. ఎవరి వైద్యం గురించి మాట్లాడుతున్నారో ఆ పేదలు వచ్చింది తక్కువ, కూలి పని మానుకుని ఎవరొస్తారు? మన దగ్గర పెట్టినా అంతే అవుతుంది, సర్పంచ్, ఆయన పక్కన నలుగురు. పెట్టేవాళ్లు సాయంత్రం ఏడు తర్వాత, ఆడవాళ్లకు విడిగా, ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీద పెట్టాలి. అప్పుడు మీ బీపీ మాత్ర సంగతి మొదటి పది నిమిషాల్లో బయటికొస్తుంది.

ప్రశ్న: ఓపీ చీటీ కోసం ఆభా నంబర్ అడుగుతున్నారు. తప్పనిసరా? మన రిపోర్టులు పరిశోధనకు వాడతారా?
— విజయవాడ

జవాబు: ఆభా అంటే మన ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే 14 అంకెల నంబర్. అది తీసుకోవడం మీ ఇష్టం, అది లేకపోతే వైద్యం చేయం అనకూడదు. క్యూ తగ్గుతుందని చాలామంది తీసుకుంటున్నారు, తప్పేం లేదు. రిపోర్టులు ఎవరికైనా పంపాలంటే మీ ఫోన్‌కు అనుమతి అడుగుతూ మెసేజ్ రావాలి. కౌంటర్ దగ్గర "ఓటీపీ చెప్పండి సార్" అనగానే చెప్పేయకుండా, దేనికి అని ఒక్క మాట అడగండి. ఇక పరిశోధన సంగతి, 2023 వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఇచ్చారు, అది నాకు నచ్చలేదు. పేరు తీసేశాం కదా అంటారు. చిన్న ఊళ్లో అరుదైన జబ్బుంటే పేరుతో పనేముంది, అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యాను. మీలా ఎథిక్స్ కమిటీలో చేరాలంటే ఏం చదవాలి? నాలాంటివాడు చెప్తే డాక్టర్లు వింటారా?
— వరంగల్

జవాబు: ఏమీ చదవక్కర్లేదు సార్, అదే అర్హత. కమిటీకి కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు కావాలి, ఛైర్మన్ కూడా బయటి మనిషే. మీ దగ్గర్లోని మెడికల్ కాలేజీకి ఒక ఉత్తరం రాయండి, మామూలు సభ్యులు దొరక్క వాళ్లూ వెతుక్కుంటూ ఉంటారు. చేరాక కొద్దిగా శిక్షణ ఇస్తారు.

వింటారా అంటే, మొదటి ఏడాది వినరు. నేను నోరు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు బిస్కెట్ల ప్లేటు ఇటు జరిపేవాళ్లు. తర్వాత తర్వాత, "టీచర్‌గారు ఏమంటారో" అని ముందే ఫారం సరిచేసి తేవడం మొదలుపెట్టారు. మీటింగ్‌కు వారం ముందు ఫైలు ఇంటికి వస్తుంది, రెండు మూడు వందల పేజీలుంటుంది, చూసి భయపడకండి. తెలుగు ఫారం ఎక్కడో చివర్లో ఉంటుంది. ముందు అది తీసి, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని బయటికి చదవండి, వాళ్లు ఎక్కడెక్కడ ఆపారో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మీరు అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ గీతల దగ్గరే ఉంటాయి.